12.25 డిగ్రీల అబద్ధం

మా నాయన గుడుపల్లెలో చిన్న ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాడు. అడంగల్, 1బి ప్రింట్లు, హాల్ టికెట్లు, పరీక్ష ఫీజులు, లామినేషన్, జిరాక్స్. కుప్పం చుట్టుపక్కల ఊళ్లకు ఇలాంటి సెంటర్లు కొత్త కాదు. 2002లోనే హెచ్‌పీ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే మూడేళ్ల ప్రాజెక్టు పెట్టి పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచింది. అప్పటికీ ఇప్పటికీ మారని సంగతి ఒకటుంది. ఇక్కడ కంప్యూటర్లు ఏసీ గదుల్లో ఉండవు. మా షాపు పైకప్పు రేకులది.

పోయిన ఏప్రిల్‌లో మా మెయిన్ మెషీన్ మధ్యాహ్నాలు తనంతట తానే రీస్టార్ట్ అవడం మొదలైంది. అది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత వర్క్‌స్టేషన్. ఒకరోజు ఒక అమ్మాయి పాలిసెట్ ఫీజు కడుతుండగా, డబ్బు అకౌంట్‌లోంచి పోయి రసీదు రాకముందే స్క్రీన్ నల్లగా అయిపోయింది. వాళ్ల అమ్మ కౌంటర్ దగ్గరే నిలబడి ఉంది. డబ్బు సంగతి తేలేదాకా ఆమె కదల్లేదు, మా నాయన కూర్చోలేదు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, "కంప్యూటర్ సైన్స్ చదువుతా ఉండావు గదా, ఏందో చూడు" అన్నాడు.

చూశాను. చూసి తప్పు చెప్పాను. ఆ తప్పుకు రూ. 2,600 ఖర్చయింది. ఎందుకు తప్పు చెప్పానో, లైనక్స్ కెర్నల్‌లో కొన్ని వందల లైన్ల చిన్న డ్రైవర్ ఆ తప్పు ఎందుకు చేయదో చెప్పడానికే ఈ వ్యాసం. హెక్స్ అంకెల్లో వచ్చే అక్షరాలను కూడా తెలుగులోనే రాస్తున్నాను: ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్.

మెమరీకి వేడి ఎందుకు పడదు

మనం ర్యామ్ అని పిలిచే డీర్యామ్‌లో ఒక్కో బిట్ ఒక అతి చిన్న కెపాసిటర్‌లో దాచిన ఛార్జ్. అది చిల్లు కుండ లాంటిది, నీళ్లు కారిపోతూనే ఉంటాయి. అందుకే మెమరీలోని ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి చదివి మళ్లీ నింపాలి. దీన్నే రిఫ్రెష్ అంటారు. వేడి పెరిగితే చిల్లు పెద్దదవుతుంది. చిప్ 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్ రెట్టింపు వేగంతో, అంటే 32 మిల్లీసెకన్లకు ఒకసారి జరగాలని ప్రమాణాలు చెబుతాయి. 95 దాటితే ఇక ఏ హామీ లేదు.

మా వర్క్‌స్టేషన్‌లో ఉన్నది ఈసీసీ మెమరీ. ఒక్క బిట్ తప్పయితే హార్డ్‌వేరే సరిచేసి, సరిచేశానని లెక్క రాసుకుంటుంది. ఒకేసారి రెండు బిట్లు తప్పయితే సరిచేయలేదు. తప్పుడు డేటాతో ముందుకు పోవడం కన్నా ఆగిపోవడమే మేలని సిస్టమ్ ఆగిపోతుంది. షాపులో స్క్రీన్ నల్లబడటానికి అదే కారణమని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు.

స్టిక్ మీద థర్మామీటర్

సర్వర్లు, వర్క్‌స్టేషన్ల కోసం తయారైన చాలా డీడీఆర్3, డీడీఆర్4 మెమరీ స్టిక్‌ల మీద ఒక చిన్న ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది. మామూలు ల్యాప్‌టాప్ స్టిక్‌లలో తరచూ ఉండదు. చాలాసార్లు అది, స్టిక్ సైజు, వేగం రాసి ఉండే ఎస్‌పీడీ అనే చిన్న మెమరీతో కలిసి ఒకే చిప్‌లో ఉంటుంది. ఈ సెన్సర్ ఎలా ఉండాలో జేడెక్ అనే ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. అందులో మెమరీ చిప్‌ల వ్యవహారాలు చూసే కమిటీ పేరు జేసీ-42. కెర్నల్ డ్రైవర్‌కు జేసీ42 అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. దాన్ని 2010లో గుంటర్ రోక్ రాశారు. లైనక్స్‌లో హార్డ్‌వేర్ మానిటరింగ్ విభాగాన్ని చూసుకునేది ఆయనే.

సెన్సర్‌తో మాట్లాడటానికి మదర్‌బోర్డు మీద ఎస్‌ఎంబస్ అనే రెండు తీగల దారి ఉంటుంది. దాని మీద ప్రతి చిప్‌కూ ఒక అడ్రస్. ఈ సెన్సర్లు హెక్స్‌లో 18 నుంచి 1ఎఫ్ వరకు ఉన్న అడ్రస్‌లలో ఉంటాయి, ఎస్‌పీడీ మెమరీలు 50 నుంచి 57 వరకు. సెన్సర్‌లో 5వ నంబర్ రిజిస్టర్ చదివితే ఉష్ణోగ్రత వస్తుంది.

ఇంత తెలిశాక డ్రైవర్ ఎందుకు, పైథాన్‌లో పది లైన్లు రాస్తే చాలదా అనుకున్నాను. శనివారం ఊరికి వెళ్లి రాశాను కూడా.

నేను చేసిన లెక్క

ఉదయం పది గంటలకు 5వ రిజిస్టర్ చదివాను. ఏ0సీ2 వచ్చింది. దశాంశంలో 41,154. ఒక్కో అంకె విలువ 0.0625 డిగ్రీ, అంటే 16తో భాగించాలి. జవాబు 2,572.125 డిగ్రీలు. ఇనుము కరిగేది 1,538 డిగ్రీల దగ్గర. కాబట్టి ఎక్కడో తప్పు చేశానని వెంటనే తెలిసింది.

డేటాషీట్ తెరిచాను. 16 బిట్లలో పైన ఉన్న మూడూ ఉష్ణోగ్రత కాదు, అలారం జెండాలు. ఒకటి ప్రమాద స్థాయి దాటిందని, ఒకటి గరిష్ఠ హద్దు దాటిందని, మూడోది కనిష్ఠ హద్దు కన్నా దిగిందని చెబుతాయి. వాటి కింద ఒక బిట్ ప్లస్సా మైనస్సా అని చెబుతుంది. మిగిలిన 12 బిట్లే విలువ. జెండాలు తీసేసి మళ్లీ లెక్క వేశాను. 12.125 వచ్చింది.

హమ్మయ్య అనుకున్నాను. మధ్యాహ్నం రెండున్నరకు మళ్లీ చదివితే 12.25. రోజంతా పెరిగింది ఎనిమిదో వంతు డిగ్రీ!

రేకుల షెడ్డులో, ఏప్రిల్‌లో, నడుస్తున్న మెషీన్ లోపల 12 డిగ్రీలు ఎలా ఉంటాయి అని మీరు అడగొచ్చు. నేనూ నన్ను అడుక్కున్నాను. ఇది గది కన్నా 12 డిగ్రీలు ఎక్కువ అని అర్థమేమో అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. డేటాషీట్‌లో అలా ఎక్కడా లేదు. నాకు నచ్చిన అంకె వచ్చింది కాబట్టి దానికి సరిపోయే అర్థం నేనే తయారు చేసుకున్నాను.

"మెమరీ చల్లగానే ఉంది నాయనా, ఎస్‌ఎంపీఎస్ పోయుంటుంది" అని చెప్పాను. నాయన కుప్పం వెళ్లి కొత్తది తెచ్చి వేయించాడు. సోమవారం మధ్యాహ్నం మెషీన్ మళ్లీ రీస్టార్ట్ అయింది. నాయన స్విచ్ ఆపి, పక్క రేకు ఊడదీసి, మెమరీ స్టిక్ మీద వేలు పెట్టి వెంటనే తీసేశాడట. ఫోన్‌లో ఒకటే మాట అన్నాడు: "ఏంరా, చల్లగా ఉండాదంటివే!"

ఏది ముందు, ఏది వెనక

ఆ వారం హాస్టల్‌లో కూర్చుని, రిమోట్‌లో షాపు మెషీన్‌కు కనెక్ట్ అయ్యి, స్క్రిప్ట్‌ను పది సెకన్లకు ఒకసారి నడిచేలా పెట్టాను. మధ్యాహ్నం వరసగా వచ్చిన అంకెలు ఇవి: 12.25, 76.25, 140.25, 204.25, మైనస్ 243.75.

గుడుపల్లెలో మైనస్ 243 డిగ్రీలు. అప్పుడు గానీ డేటాషీట్‌లో తర్వాతి పేజీ చదవలేదు.

సెన్సర్ తన 16 బిట్లను రెండు బైట్లుగా పంపుతుంది, పెద్ద బైట్ ముందు, చిన్న బైట్ తర్వాత. ఎస్‌ఎంబస్ ఆనవాయితీ దీనికి తలకిందులు, చిన్న బైట్ ముందు రావాలి. నేను వాడిన లైబ్రరీ ఆనవాయితీ ప్రకారమే రెండింటినీ జతచేసింది. అంటే నేను చదివిన ఏ0సీ2 నిజానికి సీ2ఏ0. పైన ఉన్న సీ తీసేస్తే 2ఏ0, దశాంశంలో 672, భాగిస్తే 42 డిగ్రీలు. అదీ ఉదయం పది గంటల నిజం. మధ్యాహ్నం చదివిన ఈ0సీ4 అసలు రూపం సీ4ఈ0. అది 78 డిగ్రీలు.

42 నుంచి 78కి పోతే నా స్క్రిప్ట్‌కు 12.125 నుంచి 12.25కి పోయినట్టు కనిపించింది. ఎందుకంటే వేగంగా మారే చిన్న బైట్‌ను నేను పెద్ద బైట్ స్థానంలో పెట్టి, అందులోని పై మూడు బిట్లను జెండాలనుకుని పారేశాను. 42, 78 రెండింటిలోనూ ఆ చిన్న బైట్‌లో మిగిలింది సున్నే. మా సెన్సర్ పావు డిగ్రీ మెట్లలో కొలుస్తుంది. నిజమైన వేడి పావు డిగ్రీ పెరిగితే నా లెక్కలో 64 డిగ్రీలు పెరుగుతుంది. 78 నుంచి 79కి నాలుగు మెట్లు. నాలుగో మెట్టు దగ్గర మైనస్ బిట్ వెలిగి అంకె పాతాళానికి పడిపోయింది. నా దురదృష్టం ఏమిటంటే శనివారం నేను చూసిన రెండుసార్లూ సెన్సర్ సరిగ్గా సరిసంఖ్య డిగ్రీల మీద ఉంది.

షాపులో ఇలాంటి తప్పు రోజూ చూస్తాం. ఒక అప్లికేషన్‌లో పుట్టిన తేదీ రోజు-నెల వరసలో అడుగుతారు, ఇంకోదానిలో నెల-రోజు. 25-04 అని తిప్పి కొడితే 25వ నెల లేదని సైటే ఆపేస్తుంది. 04-05 అని కొడితే ఏ సైటూ ఆపదు. ఏప్రిల్ 5న పుట్టిన పిల్ల మే 4న పుట్టినట్టు సర్టిఫికెట్ వస్తుంది. 2,572 డిగ్రీలు మొదటి రకం తప్పు, 12.25 రెండో రకం. తప్పులా కనిపించే తప్పు మనల్ని డేటాషీట్ దగ్గరికి పంపుతుంది. ఒప్పులా కనిపించే తప్పు ఎస్‌ఎంపీఎస్ కొనిపిస్తుంది.

డ్రైవర్ ఏం చేస్తుంది

తర్వాత జేసీ42 డ్రైవర్ సోర్స్ చదివాను. అంకె చదివే పని అందులో చాలా కొంచెం. మిగతాదంతా ఆ అంకెను నమ్మొచ్చా లేదా అని తేల్చుకునే పని.

మొదటిది, ఎదుట ఉన్నది ఎవరో అడుగుతుంది. 18 నుంచి 1ఎఫ్ అడ్రస్‌లలో వేరే రకం చిప్‌లు కూడా ఉండొచ్చు. అందుకే డ్రైవర్ 6, 7 రిజిస్టర్లలో ఉండే తయారీదారు నంబర్, చిప్ నంబర్ చదివి తన దగ్గరున్న పట్టికతో పోల్చుకుంటుంది. మైక్రోచిప్ అయితే 0054, ఎన్‌ఎక్స్‌పీ అయితే 1131, ఇలా. సామర్థ్యం, కాన్ఫిగరేషన్ రిజిస్టర్లలో సున్నాగా ఉండాల్సిన బిట్లు సున్నాగానే ఉన్నాయా అని కూడా చూస్తుంది. ఏ ఒక్కటి కుదరకపోయినా 'ఇది నాది కాదు' అని తప్పుకుంటుంది. నా స్క్రిప్ట్ ఎవరినీ ఏమీ అడగలేదు.

రెండోది, చదివేటప్పుడే బైట్లను తారుమారు చేసి చదివే ఫంక్షన్ వాడుతుంది. నేను వారం పోగొట్టుకున్న విషయం అక్కడ ఫంక్షన్ పేరులో ఒక్క పదం.

మూడోది, మైనస్ బిట్‌ను సరిగ్గా విస్తరించి, వచ్చిన విలువను 125తో గుణించి 2తో భాగిస్తుంది. 0.0625 డిగ్రీ అంటే 62.5 మిల్లీడిగ్రీలు. కెర్నల్ లోపల దశాంశ బిందువుతో లెక్కలు సాధారణంగా చేయరు కాబట్టి ఈ ఏర్పాటు. 1,248ని అలా చేస్తే 78,000 వస్తుంది. లైనక్స్‌లో ఉష్ణోగ్రత చూపే ప్రతి డ్రైవరూ మిల్లీడిగ్రీల్లోనే చూపాలన్నది నియమం. అందువల్ల సెన్సర్స్ అనే కమాండ్‌కు ప్రాసెసర్ అయినా, డిస్క్ అయినా, మెమరీ అయినా ఒకటే లెక్క.

నాలుగోది, డ్రైవర్ ఒక చిప్‌ను తన కిందకు తీసుకున్నాక మామూలు ఐటూసీ కమాండ్లతో దాన్ని తాకబోతే 'బిజీ' అని చెబుతుంది. ఇది చాదస్తం కాదు. అదే తీగల మీద ఎస్‌పీడీ మెమరీ కూడా ఉంది. అందులో పొరపాటున రాస్తే ఆ స్టిక్ ఏమిటో బయోస్‌కే తెలియకుండా పోవచ్చు. ఒకప్పుడు కొన్ని పాత థింక్‌ప్యాడ్‌లలో, సెన్సర్లు ఉన్నాయేమోనని బస్‌ను వెతికినందుకే ఒక చిప్‌లోని సమాచారం చెడిపోయి ల్యాప్‌టాప్‌లు లేవకుండా పోయాయి. చదవడమే కదా అనుకునే పని కూడా కొన్ని చిప్‌లకు రాయడంలా అనిపిస్తుంది.

మోడ్‌ప్రోబ్ జేసీ42 అని కొట్టి డ్రైవర్ ఎక్కించాను. సెన్సర్స్ కమాండ్ 78.5 చూపించింది, పక్కనే అలారం అని కూడా. ఆ అలారం చూసి కంగారు పడకండి. చాలా బోర్డులు ఈ సెన్సర్లకు హద్దులు పెట్టవు, హద్దులన్నీ సున్నా దగ్గరే ఉండిపోతాయి. సున్నా దాటితే అలారమే కదా. నా హెక్స్ అంకెల ముందు ఎప్పుడూ సీ ఉండటానికి కారణం అదే, రెండు జెండాలు ఎప్పుడూ ఎగురుతూనే ఉన్నాయి. హద్దులు సరైనవి రాసుకుంటేనే అలారానికి అర్థం.

78 అంటే 85 కన్నా తక్కువే కదా అనొచ్చు. సెన్సర్ కొలిచేది తానున్న చోట బోర్డు వేడి. చుట్టూ ఉన్న మెమరీ చిప్‌ల లోపల అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. ఈసీసీ సరిచేసిన తప్పుల లెక్కను కెర్నల్‌లో ఈడాక్ అనే భాగం ఉంచుతుంది. అది కూడా తీసి పక్కన పెట్టాను. ఉదయాలు ఆ లెక్క కదల్లేదు. 75 దాటిన మధ్యాహ్నాలు పెరిగింది.

తర్వాతి ఆదివారం షాపుకు వెళ్లి చూస్తే ముందు వైపు ఫ్యాన్ దుమ్ముతో బిగుసుకుపోయి ఉంది. గాలి లోపలికి పోవాల్సిన చోటికి సరిగ్గా ఎదురుగా లామినేషన్ మెషీన్ ఉంది. కొత్త ఫ్యాన్ రూ. 350. లామినేషన్ మెషీన్‌ను బల్ల రెండో చివరకు జరపడానికి ఖర్చేమీ కాలేదు. ఆ తర్వాత మధ్యాహ్నాలు 54 దాటలేదు, ఈడాక్ లెక్క పెరగలేదు, రీస్టార్ట్ కాలేదు.

మీ ల్యాప్‌టాప్‌లో

డీడీఆర్5 మెమరీలో కథ కొంచెం మారింది. ప్రతి మెమరీ స్టిక్ మీదా ఎస్‌పీడీ హబ్ అనే చిప్ తప్పనిసరి. ఎస్‌పీడీ సమాచారం, ఉష్ణోగ్రత సెన్సర్ రెండూ అందులోనే. దాని డ్రైవర్ పేరు ఎస్‌పీడీ5118. ఇది కూడా గుంటర్ రోక్‌దే. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన లైనక్స్ 6.11తో కెర్నల్‌లో చేరింది. ఈ చిప్ మొదటి రెండు రిజిస్టర్లు చదివితే 51, 18 వస్తాయి, అంటే తన పేరు తానే చెప్పుకుంటుంది. ఇందులో మెట్టు పావు డిగ్రీ. ఇక బైట్ల సంగతి: ఈసారి చిన్న బైట్ ముందు! జేసీ42ను చూసి నేర్చుకున్నదాన్ని ఇక్కడ అలాగే వాడితే మళ్లీ తలకిందులే. ఒక్కో చిప్‌కు ఒక్కో డ్రైవర్ ఎందుకు ఉంటుందో నాకు ఇక్కడ పూర్తిగా అర్థమైంది.

మీ ల్యాప్‌టాప్‌లో విడి డీడీఆర్5 స్టిక్‌లు, కొత్త కెర్నల్ ఉంటే సెన్సర్స్ కమాండ్ కొట్టి చూడండి, ఎస్‌పీడీ5118 పేరుతో కనిపించవచ్చు. మెమరీని బోర్డుకే అతికించిన మోడళ్లలో కనిపించకపోవచ్చు. కనిపించిన అంకెను నమ్మేముందు ఒక పరీక్ష చేయండి. రాత్రంతా ఆపేసి ఉంచి, పొద్దున్నే ఆన్ చేసిన వెంటనే చదవండి. గది ఎంత ఉందో దానికి దగ్గరగా, కాస్త ఎక్కువగా ఉండాలి. గది కన్నా తక్కువ చూపిస్తే ఆ అంకె అబద్ధం. నేను ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే రూ. 2,600 మిగిలేవి.

ఇప్పుడు షాపు మెషీన్ స్క్రీన్ మూలన మెమరీ ఉష్ణోగ్రత కనిపించేలా పెట్టాను. మొన్న ఊరికి వెళ్లినప్పుడు నాయన దాన్నే చూస్తూ, "ఇది యాభై రెండు అంటా ఉండాది, నిజమేనా?" అన్నాడు. నిజమే నాయనా, ఈసారి నేను రాసింది కాదు అన్నాను. ఆయన అయినా ఒకసారి పక్క రేకు మీద అరచెయ్యి పెట్టి చూసుకుని, కౌంటర్ దగ్గరికి పోయాడు.